డేక్షా మూతతో మూడు రోజులు

ఇరవయ్యేడేళ్ళ కింద మా సంఘం సంచికలో నేను రెండు పేజీల వ్యాసం రాశాను. వెలిగొండల కింద ఒక మామిడితోపులో మా యువజన కూటం గుడారాలు వేసుకుని గడిపిన రోజుల గురించి. వాగునీళ్ళ చల్లదనం, మేం పాడిన పాటలు, ఆర్మోనియం మెట్ల మీద వచ్చి కూర్చున్న మిడత, అన్నీ రాశాను. నాలుగో రోజు పొద్దున మా వంటమనిషి పోలయ్య మీద ఎలుగుబంటి పడిన సంగతి కూడా రాశాను. 'వంటమనిషి ఎండుచేపలు ఆరుబయట ఉంచిన అజాగ్రత్త వల్ల' అని ఒక్క ముక్కలో కారణం తేల్చేశాను.

ఆ ముక్క అబద్ధం. రాయాల్సి ఉండి నేను రాయనిది ఇది. ఆ పొద్దున పోలయ్య చప్పుడు చేయకుండా వాగుకు వెళ్ళాడు. చప్పుడు చేయొద్దని చెప్పింది నేను. ఆయన రోజూ గరిటెతో మోగించుకుంటూ పోయే డేక్షా మూతను లాక్కుని నా ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసిందీ నేనే.

ఆ వ్యాసం చదివినవాళ్ళలో చాలామంది ఇప్పటికీ ఉన్నారు. ఇది ముందుగా వాళ్ళకోసం. ఆ కొండకీ, పోలయ్య ఊరి రేవుకీ ఎప్పుడూ వెళ్ళనివాళ్ళు కూడా చదవవచ్చు.

నాయుడుపేట

నాయుడుపేటలో నాది విత్తనాల దుకాణం. పోయిన నెల ఒక మధ్యాహ్నం మా సంఘానికి కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరుగారు వచ్చి బస్తాల మీద కూర్చున్నారు.

"దాసు అంకుల్, వేసవిలో మన పిల్లల్ని మళ్ళీ ఆ కొండ కిందికే తీసుకుపోదామనుకుంటున్నాం. అటవీశాఖ అనుమతి కూడా వచ్చింది. ఎలుగుల గురించి జాగ్రత్తలు నాలుగు ముక్కలు రాసిస్తారా? మన సంఘంలో వాటి సంగతి తెలిసింది మీకే గదా!"

తెలిసింది నాకు కాదు, పోలయ్యకు. ఆ మాట అనలేదు. రాస్తాలెండి అన్నాను.

సాయంత్రం కాగితం ముందు పెట్టుకుని, 'ఒకటి: నడిచేటప్పుడు చప్పుడు చేస్తూ నడవాలి' అని రాశాను. కలం అక్కడే ఆగిపోయింది. రెండోది రాయలేకపోయాను. లేచి, అటక మీద నుంచి ట్రంకుపెట్టె దించాను. దుమ్ము దులిపి మూత బయటికి తీస్తుంటే నా భార్య మేరీ గుమ్మంలో నిలబడి చూసింది.

"మళ్ళీ తీసినావా ఆ మూత? అది ఏ డేక్షాదో చెప్పమని ఎన్నేళ్ళుగా అడుగుతుండా. మనింట్లో దేనికీ పట్టదు. నేను అన్నిటికీ పెట్టి చూసినా."

ఆమెకు చెప్పాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి. అంతా వింది. తర్వాత మూత నా చేతిలోంచి తీసుకుని, చింతపండూ బూడిదా వేసి తళతళలాడేలా తోమి తెచ్చింది.

"పోయి ఇచ్చిరా. ముందు ఆ కొండకి పో. అక్కడ ఒకసారి నిలబడకుండా ఆయన ముందు నిలబడితే, మళ్ళీ సగమే చెప్పి వస్తావు. నీ సంగతి నాకు తెలియదా!"

వెంకటాచలం దగ్గర ఆగిన బస్సు

అల్యూమినియం మూత, మూరెడు వెడల్పు. ఏ సంచిలోనూ పూర్తిగా పట్టలేదు. బస్సు గతుక్కుమన్నప్పుడల్లా అది సీటు కమ్మీకి తగిలి ఠంగుమంటోంది. కండక్టరు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. వెంకటాచలం దగ్గర బస్సు టైరు పోయింది. అందరం దిగి రోడ్డు పక్క టీకొట్టు ముందు నిలబడ్డాం. పక్కన నిమ్మకాయల గంపతో ఒక పెద్దావిడ నా సంచిని ఎగాదిగా చూసింది.

"ఏం నాయనా, మూత ఒక్కటే ఎత్తుకుపోతుండావు, డేక్షా యాడ?"

"డేక్షా బోగోలు కాడ ఉందమ్మా."

"మరి బోగోలు దాకా మూత ఎందుకు దూరమైంది? ఆలుమగలు కొట్లాడుకున్నట్టు!" అని తనే నవ్వింది. ఆమెకు టీ ఇప్పించాను. గ్లాసు పన్నెండు రూపాయలు. మేం క్యాంపుకు వెళ్ళిన రోజు ఇక్కడే, ఈ రోడ్డు మీదే, రెండు రూపాయలకు తాగాం.

ఆ రోజు మా వ్యాను ఇక్కడ ఆగితే పోలయ్య పైనుంచి దిగాడు. పంతొమ్మిది మందిమి లోపల కూర్చుంటే ఆయన పైన గిన్నెల మధ్య కూర్చుని వచ్చాడు. "నా డేక్షాలు నేను లేకపోతే ఏడుస్తాయి" అనేవాడు. బోగోలు దగ్గర సముద్రం మీద చేపలు పట్టే పట్టపువాళ్ళ మనిషి. సముద్రం పోటు మీద ఉన్న నెలల్లో వంటలకు తిరిగేవాడు. మా సంఘంలో ఎవరి పెళ్ళయినా చేపల పులుసు ఆయన చేతిదే. పొద్దున కాచి మధ్యాహ్నం దాకా ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. "పులుసు ఒక నిద్రపోయి లేవాల" అనేవాడు. మేం ఒకరినొకరం బ్రదర్ అని పిలుచుకోవడం చూసి, నాయకుణ్ణి గనక నన్ను మాత్రం 'బ్రదర్ సార్' అని పిలిచాడు. అందరూ పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు. అప్పుడు నాకు పాతికేళ్ళు. ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద. అయినా 'పోలయ్యా' అనే పిలిచేవాణ్ణి. అన్నా అనే అలవాటు నాకు లేకపోలేదు. వంటమనిషిని అనాలని తోచలేదు.

కొండ కింద

రాపూరు దాటాక గాలి మారుతుంది. మా వైపు గాలిలో ఉండే ఉప్పదనం పోయి, ఎండిన ఆకుల వాసన వస్తుంది. కొండ కింది ఊళ్ళో ఆ రాత్రి ఒక ఇంటి వసారాలో నాకు సంగటీ, వేరుశనగ పచ్చడీ పెట్టి డబ్బులు తీసుకోలేదు. "ఇంటికొచ్చినోళ్ళ కాడ ఏం తీసుకుంటాం" అన్నారు. మా బజారులో అయితే మంచినీళ్ళు అడిగినా కొనుక్కొమ్మని సీసా చూపిస్తారు.

మర్నాడు ఎండ బాగా ఎక్కాక పెంచలమ్మ అనే యానాది ఆమె నన్ను మామిడితోపు దాకా తీసుకువెళ్ళింది. యాభై దాటి ఉంటుంది. తేనె పట్టుకీ, గడ్డలకీ ఆ కొండంతా చిన్నప్పటినుంచీ తిరిగిన మనిషి. చేతిలో ఆమెకంటే పొడుగున్న కర్ర. పొద్దున్నే బయల్దేరదామంటే ఒప్పుకోలేదు. "ఎలుగు ఇంటికి పోయే యాళకి మనం ఎదురుపోవడం ఏంది? పొద్దున్నా, మునిమాపునా తిరిగేది అది. మిట్టమధ్యాన్నం మనది" అంది.

ఊరు దాటి పది అడుగులు వేశామో లేదో ఆగిపోయి నా వంక తిరిగింది.

"గమ్మున నడుస్తుండావేంది? దొంగోడివా?"

"ఏం మాట్లాడను?"

"ఏందో ఒకటి. నీ పెళ్ళాం మీద చాడీలు చెప్పు. కొండకి ఇనపడితే చాలు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "నిజంగానే చెప్తుండా సారూ. అది చెదలపుట్ట తవ్వుకునేటప్పుడు మూతి లోపల పెట్టుంటది. దానికి కళ్ళు సరిగా కనపడవు. తినేటప్పుడు అదే బుస్సు బుస్సున పీలుస్తా ఉంటది గాబట్టి మన అడుగులు ఇనపడవు. పక్కకొచ్చాక చూసిందనుకో, మనకంటే అదే ముందు బెదురుద్ది. బెదిరితే మీద పడుద్ది. దూరం నుంచే మన గొంతు ఇనపడితే దాని దోవన అది పోతది."

అందుకే ఆ ఊళ్ళో అందరూ దారంతా అరుచుకుంటూ మాట్లాడుకుంటారు. మాట లేకపోతే పాడతారు. తోడు లేకపోతే కర్రతో రాయిని కొట్టుకుంటూ పోతారు. మా ఇళ్ళలో గొంతు పెంచితే మర్యాద తెలియనివాడంటారు. మేం పెరిగింది అలా. ఆరాధనలో దగ్గు వచ్చినా బయటికి వెళ్ళి దగ్గాలి.

చాడీలు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అందుకని పోలయ్య సంగతి మొదలుపెట్టాను. కొండకు వినపడేంత గట్టిగా. మూత లాక్కున్నది, వ్యాసంలో ఎండుచేపల మీదికి నెట్టింది, అంతా. ఎండుచేపలు అన్నచోట పెంచలమ్మ నిలబడిపోయి విరగబడి నవ్వింది.

"ఎండుచేపకొచ్చిందా ఎలుగు? ఎవురు రాసినారా మాట? దానికి చెదలు కావాల, తేనె కావాల, నేరేడుపండ్లు, రేగుపండ్లు కావాల. నీ ఉప్పుచేప కోసం కొండ దిగొస్తుందా అది?"

"నేనే రాశాను."

ఆమె నవ్వు ఆపింది. కాసేపు కర్రతో రాళ్ళను తట్టుకుంటూ నడిచింది. "ఆ పోలయ్యకి చప్పుడు చేసుకుంటా పొమ్మని చెప్పింది మా అమ్మే" అంది. "మీరొచ్చిన రోజు కట్టెలు ఇయ్యను పోయినాం. నేనూ ఉండా. మా అమ్మ మీ అందరికీ చెప్పింది. ఆయన ఒక్కడే ఇన్నాడు."

ఇంతలో నా చెప్పు తెగింది. ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా నడుస్తుంటే ఆమెకు మళ్ళీ హుషారొచ్చింది. "ఇప్పుడు ఎలుగు ఎదురొస్తే ఏం చేస్తావు?"

"పరిగెత్తుతాను."

"దానికి నాలుగు కాళ్ళు. నీకు రెండు, ఒకటేమో చెప్పు లేంది. యాడికి పరిగెత్తేది? దూరంగా ఉంటే, దాని వంకే చూస్తా మెల్లగా వెనక్కి నడువు. మీద పడిందా, ఇంక పోట్లాడబాక. బోర్లా పడుకో. మెడ మీద రెండు చేతులూ వేసుకో. అది ముందు ముఖం చూస్తది." తన ముఖం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూపించింది.

నేను ఇవన్నీ పుస్తకంలో రాసుకున్నాను. పిల్లల తల్లి అయితే ఇంకా దూరం జరగాలి, పిల్లలు తల్లి వీపు మీద ఎక్కి ఉంటాయి. కుక్కను వెంట తీసుకుపోకూడదు, అది ఎలుగును రెచ్చగొట్టి మళ్ళీ మన కాళ్ళ దగ్గరికే పరిగెత్తుకొస్తుంది. పండ్లూ, బెల్లమూ, తేనె సీసాలూ పడుకునే గుడారంలో పెట్టకూడదు. బండల సందుల్లోకి తొంగి చూడకూడదు.

వాగు

తోపు అలాగే ఉంది. చెట్లు ముదిరాయి. ఆర్మోనియం పెట్టుకున్న బండ మీద ఎవరో సున్నంతో బాణం గుర్తు వేశారు. గుడారాలు ఎక్కడెక్కడ వేశామో చూడగానే గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుంటే తాళింపు చప్పుడుతో సహా.

ఆ క్యాంపులో ఉదయ మౌనం అని ఒక నియమం పెట్టింది నేను. అయిదున్నరకు గంట కొడితే అందరూ లేచి తలా ఒక చెట్టు కింద బైబిలు పట్టుకుని ఒంటరిగా కూర్చోవాలి. ఆరున్నరకు మళ్ళీ గంట కొట్టేదాకా ఎవరూ నోరు తెరవకూడదు. గంట నా దగ్గరే ఉండేది. సరిగ్గా ఆ వేళకే పోలయ్య నీళ్ళకు వాగుకు పోయేవాడు, భుజాన బిందె పెట్టుకుని, మూతని గరిటెతో ఠంగు ఠంగుమని కొట్టుకుంటూ. మొదటి పొద్దున అడిగితే, "సముద్రంలో మంచు పడితే డబ్బా కొట్టుకుంటా పోతాం సారూ. ఎదురుగా వచ్చే పడవకి మనం ఉండామని తెలియాల గదా. ఇదీ అంతే" అన్నాడు.

మూడో రోజు నాకు కోపం వచ్చింది. వెళ్ళి ఆయన చేతిలోంచి మూత తీసుకున్నాను.

"పిల్లలు దేవునితో మాట్లాడుకుంటుంటే ఈ మోత ఏంది పోలయ్యా? రేపు చప్పుడు చేయకుండా పో."

"ఎలుగు తిరిగే యాళ బ్రదర్ సారూ..."

"దేవుడు చూసుకుంటాడు."

ఆయన ఉత్త గరిటె పట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. నాలుగో రోజు ఎంత నిశ్శబ్దంగా వెళ్ళాడంటే, ఆయన నా వెనక నుంచి పోయినట్టు కూడా నాకు తెలియలేదు. ఆ నిశ్శబ్దం నాకు బాగుంది. ఆ సంగతి కూడా ఇక్కడే ఒప్పుకోవాలి.

ముందు బిందె రాళ్ళ మీద పడి దొర్లిన చప్పుడు వినిపించింది. తర్వాత ఎలుగు అరుపు. తర్వాత ఆయన కేక. పంతొమ్మిది మందిమీ ఎవరి చెట్టు కింద వాళ్ళం లేచి నిలబడ్డాం. ఒక్కరూ నోరు తెరవలేదు. అందరూ నా వంక చూశారు. గంట కొట్టలేదు గదా, మాట్లాడవచ్చా, కూడదా అన్నట్టు. ఎన్ని క్షణాలో నాకు తెలియదు. గంట నా చేతిలోనే ఉంది. చివరికి కొట్టాను. అప్పుడు అందరూ ఒక్కసారిగా అరిచారు. ఆ రొదకు ఎలుగు ఆయన్ని వదిలి కొండ ఎక్కిపోయింది.

ఇప్పుడు అక్కడ నీళ్ళు పాదాలు మునిగేంతే ఉన్నాయి. ఒడ్డున ఒక చెదలపుట్ట పక్కనుంచి కొత్తగా తవ్వి ఉంది. మట్టి ఇంకా తడారలేదు. పెంచలమ్మ వంగి చూసి, కర్రతో రాయి మీద గట్టిగా కొట్టి, "ఇంక చాల్లే పోదాం పా" అంది. నేను సంచిలోంచి మూత తీసి ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని ఊరిదాకా కర్రతో మోగిస్తూనే నడిచింది. ఇరవయ్యేడేళ్ళ తర్వాత ఆ దారిలో ఆ మోత.

నెల్లూరు

రెండో రోజు సాయంత్రం నెల్లూరులో కారం దోసె తిన్నాను. నెయ్యి అంతే, కారం అంతే. నేను మాత్రం మునుపటిలా రెండోది తినలేకపోయాను. చెప్పులు కొనుక్కున్నాను. ఆ రోజు పాలవ్యానులో పోలయ్యను తీసుకొచ్చిన ఆసుపత్రి వీధి అక్కడికి రెండు సందుల అవతల. నడిచి వెళ్ళి దాని గేటు ముందు నిలబడ్డాను.

లోపల కనిపిస్తున్న ఆ మెట్ల మీదే మా పెద్దలు నన్ను అడిగారు, "ఎట్లా జరిగింది దాసూ?" అని. నేను జవాబు వెతుక్కుంటుంటే ఎవరో, "ఎండుచేపలు తెచ్చినాడు గదా, ఆ వాసనకే అయ్యుంటుంది" అన్నారు. నేను కాదనలేదు. అంతే నేను చేసింది. నెల తర్వాత సంచికకు రాయమన్నప్పుడు అదే మాట నా చేతులతో రాశాను. ఎడమ కన్ను పోయింది, చెవి సగం పోయింది, చెంప కుట్టారు అని విన్నాను. ఒకసారి చూడటానికి వెళ్ళాను. రెండు కళ్ళకూ కట్టు ఉంది. తలుపు దగ్గర కాసేపు నిలబడి, చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను.

ఆ సంచిక వచ్చాక మా సంఘంలో ఏ పెళ్ళికీ ఆయన్ని పిలవలేదు.

బోగోలు

బోగోలు నుంచి తూర్పుకు ఆటోలో పోతుంటే రొయ్యల గుంటలు దాటగానే సముద్రం వాసన తగిలింది. నాకు ఇంటి వాసన అది. రేవులో ఇసుక మీద పరదాలు పరిచి చిన్న నెత్తళ్ళ చేపలు ఎండబెడుతున్నారు. వెండి ముక్కలు చల్లినట్టుంది. ఒక ముసలామె కాకుల్ని అదిలిస్తూ నిలబడి ఉంది.

"పోలయ్య ఇల్లు ఎక్కడమ్మా?"

"ఏ పోలయ్య? ఈడ నలుగురుండారు. ఎలుగు పోలయ్యా?"

"ఆయనే."

"నా మొగుడే. ఏం పని?" అంటూనే ఆమె చూపు నా సంచి మీద పడింది. అడగకుండానే మూత బయటికి లాగింది. వెనక్కి తిప్పి, అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరును వేలితో తడిమింది. "ఇది మా అమ్మ పేరు! ఇది నా పుట్టింటి డేక్షా మూత! కొండకాడ పోయిందన్నాడే! ఈ మూత పోగొట్టినందుకు ఆ మనిషిని ఎన్ని మాటలన్నానో. నీకెట్టా దొరికింది?"

నేను జవాబు చెప్పేలోపు ఆమె, ఆదెమ్మ, నన్ను చెయ్యి పట్టుకుని తాటాకు పందిరి కిందికి లాక్కుపోయింది. అక్కడ ఒకాయన కాలి వేలికి వల తగిలించుకుని, వెదురు సూదితో చిరుగులు కుడుతున్నాడు. జుట్టు నెరిసింది. నాకు ఆయన కుడివైపు కనిపిస్తోంది. ఆ వైపునుంచి చూస్తే పాత పోలయ్యే. తల తిప్పాడు.

"కొత్త చెప్పులా బ్రదర్ సారూ? చప్పుడు మారిందే!" అన్నాడు.

నేను ఆయన పక్కన ఇసుకలో కూర్చున్నాను. ఆయనే అన్నాడు, "ఆసుపత్రికి ఒకరోజు వచ్చినావు గదా. తలుపు కాడ నిలబడి పోయినావు. నాలుగు రోజులు నీ చెప్పుల కిర్రు ఇంటా వంట చేసినోణ్ణి, నాకు తెలియదా! పిలుద్దామనుకున్నా. పెదవి కుట్టుండారు."

"పోలయ్యన్నా" అన్నాను. ఆ పిలుపు నా నోట మొదటిసారి. "ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తావులే అనుకున్నా." సూదిలోకి నూలు ఎక్కిస్తూ అన్నాడు. "నేను చెప్తే, వంటోడు తప్పించుకోను చెప్తుండాడు అంటారు. నువ్వు చెప్తే మాట నిలబడుద్ది. ఈరోజు చెప్తావు, రేపు చెప్తావు అని చూసినా. ఆ పుస్తకం వచ్చింది. ఎవురో చదివి ఇనిపించినారు. అప్పటినించి చూడ్డం మానుకున్నా."

ఆదెమ్మ లోపలికి పోయి డేక్షా తెచ్చింది. ఇన్నేళ్ళూ దాని మీద పళ్ళెం బోర్లించి కాస్తోందట. మూత పెట్టింది. అతుక్కుపోయినట్టు కూర్చుంది. ఇద్దరూ దాన్ని చూశారు. తర్వాత ఆమె నా వంక తిరిగింది. "మూత పోయింది మూత పోయింది అని నేను సాధించడం ఒకెత్తు. ఈ రేవులో వీళ్ళందరూ ఏమన్నారో తెలుసునా? 'డబ్బా కొట్టుకుంటా పోవాలని ఊరందరికీ చెప్పేవాడు, కొండకాడ తనే మర్చిపోయినాడు' అని. మంచు పడిన పొద్దు ఈయన్ని పడవ ముందు నిలబెట్టుకునేదానికి ఒక్కడూ ఒప్పుకోలేదు. కన్ను పోయిందని కాదు. మర్చిపోయేవాడని."

అది నేను ఎప్పుడూ ఊహించలేదు. వంటలు పోయాయని తెలుసు. సముద్రం మీద ఆయన మాటకున్న విలువ కూడా పోయిందని తెలియదు.

మధ్యాహ్నం ఆ డేక్షాలోనే మామిడికాయ వేసిన పులుసు. నిద్రపోయి లేచేదాకా ఆగలేదు, ఆకలి అన్నారు. నేను తినలేకపోతుంటే ఆదెమ్మ, "తిను నాయనా, దాని మీద అలగబాక" అని ఇంకో ముక్క వేసింది. పోలయ్య నా పుస్తకం చూపించి, "ఏందది?" అన్నాడు. పిల్లల క్యాంపు సంగతి చెప్పి, రాసుకున్న జాగ్రత్తలు చదివాను. తల ఊపుతూ విన్నాడు.

"అన్నీ బాగుండాయి. ఒకటి రాసుకో. పొద్దున నీళ్ళకి ఎవుణ్ణీ పంపొద్దు. ముందురోజు పొద్దుండగానే ముగ్గురు నలుగురు పోయి పట్టి పెట్టుకోవాల. వంటోడు ఎంత తొందర పడినా సరే." పులుసు కలుపుకుంటూ, "ప్రార్థన కూడా గట్టిగానే చేసుకోమను. మీ దేవుడేమీ అనుకోడు" అన్నాడు.

అప్పుడు నేను కంచం పక్కన పెట్టి, అనాల్సిన మాట మొదలుపెట్టాను. ఆయన ఎంగిలి చేత్తోనే ఆపమన్నాడు.

"నాకు చెప్తే ఏముంది? నాకు తెలిసిందే గదా నువ్వు చెప్పేది. తెలియనోళ్ళు ఆడ ఉండారు."

రేవు

ఇసుక మీద పెద్ద వల పరిచి, చుట్టూ పది పన్నెండు మంది కూర్చుని చెత్త ఏరుతున్నారు. చాలామంది పోలయ్య వయసువాళ్ళే. ఆయన చెయ్యి కడుక్కుని, డేక్షా మీద మూతా, పక్కనున్న గరిటా తీసుకుని ముందు నడిచాడు. ఆదెమ్మ నా వెనక. వల దగ్గరికి వెళ్ళి ఆగి, గరిటెతో మూత మీద కొట్టాడు. ఠంగు ఠంగు ఠంగు. అందరూ తలలెత్తారు.

"ఏంది ఎలుగు పోలయ్యా, ఇప్పుడు గుర్తొచ్చిందా మూత?" అని ఒకాయన అన్నాడు. నవ్వారు.

"ఈ నాయుడుపేట సారు ఏందో చెప్తాడంట. ఇనండి" అన్నాడు పోలయ్య.

సముద్రం మీద నుంచి గాలి గట్టిగా వీస్తోంది. నేను చేతులు కట్టుకుని, సంఘంలో నిలబడ్డట్టు నిలబడి మొదలుపెట్టాను. నా మాటలు నాకే వినపడలేదు.

"ఇనపళ్ళా సారూ!" అని అవతలి చివరి నుంచి ఒకడు అరిచాడు.

పోలయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ కుట్లున్న చెంప నా పక్కనే ఉంది. "గట్టిగా బ్రదర్ సారూ, గట్టిగా! మౌనం అయిపోయింది."

నేను గుండెల నిండా గాలి పీల్చుకుని, జీవితంలో ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచాను.

"పోలయ్యన్న మూత మర్చిపోలేదు! ఆయన చేతిలో ఉంటే నేను లాక్కున్నాను! చప్పుడు చేయొద్దని చెప్పి పంపింది నేను! ఎండుచేపలని రాసింది కూడా నేనే, అది అబద్ధం! పోలయ్యన్నా, తప్పంతా నాది! నన్ను క్షమించన్నా!"